కోడలి కూర, అత్తగారి రక్తం

కోడలు వంటింట్లో మూకుడు మీద మూత తీసిందంటే చాలు, అత్తగారు కుట్టుమిషను దగ్గరికి నడిచేది. కుట్టడానికేమీ లేదు. ఆ మిషను తిరగడం మానేసి ఏళ్ళయింది. ఇప్పుడు దాని మీద ఒక పూలకుండీ, ఎవరూ చదవని పాత పత్రికలూ కాపురం ఉంటున్నాయి. కానీ ఎడమవైపు సొరుగులో, దారపు కండెల కింద, బొత్తాల డబ్బాలో గ్యాస్ మాత్రలుండేవి. ఒకటి నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడే ఆకలి గుర్తొచ్చినదానిలా భోజనాల బల్ల దగ్గరికి వచ్చేది.

"వాసన అదిరిపోతోందమ్మాయ్," అనేది.

అది మాత్రం అబద్ధం కాదు. ఆ వాసనకి కింద అంతస్తు వాళ్ళ కుక్క తుమ్మేది. కూర ఇటుకపొడి రంగులో బల్ల మీదికి వచ్చేది. అంచున తేలే నూనె కూడా ఎర్రగానే ఉండేది. అత్తగారు మొదటి ముద్ద మింగి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా, "భలే కుదిరింది," అనేది. ఎదురుగా కూర్చున్న కొడుకు మాట్లాడే స్థితిలో ఉండేవాడు కాదు కాబట్టి తల ఊపేవాడు. ఆ తల ఊపడం చూసి కోడలు అతనికి ఇంకో గరిటె వేసేది.

పిచ్చుకకి మాత్రం కారం కలపకముందే కాసిని ముక్కలు చిన్న గిన్నెలోకి తీసిపెట్టేవారు. పిచ్చుక అంటే మనవరాలు. రెండో తరగతి చదువుతున్న ఆ పిల్ల గొంతు సన్నం, తిండి ఇంకా సన్నం. తన చిన్న గిన్నె వంక పెద్దవాళ్ళు ఎలా చూస్తున్నారో ఆ పిల్ల ఏనాడో కనిపెట్టింది. తల్లి నీళ్ళ కోసం లేవగానే ఒక బంగాళాదుంప ముక్క నానమ్మ కంచంలోకి జారేది. బదులుగా పడుకోబోయే ముందు ఒక కథ చెప్పాలి. బేరం అంతే.

అత్తగారు ఇంత కష్టపడి అబద్ధమాడటానికి కారణం ఉంది. ఆవిడ పుట్టింట్లో అన్నదమ్ములిద్దరు ఉప్పు దగ్గర విడిపోయారు. పెద్దవదిన చేసిన కూరలో ఉప్పు చాల్లేదని చిన్నవదిన ఒక్క మాట అంది. పెద్దవదిన గరిటె కింద పెట్టింది. మాటకి మాట పెరిగి, పెరిగిన మాటల ఎత్తున నడవాలో గోడ లేచింది. అప్పటికి చిన్నపిల్ల అయిన అత్తగారు గోడకి ఇటువైపు ఉండిపోయింది, ఆవిడని భుజాలెక్కించుకుని తిప్పే చిన్నన్నయ్య అటువైపు ఉండిపోయాడు. మళ్ళీ అతన్ని చూడటం ఆసుపత్రి మంచం మీదే. ఆ తర్వాత చాలామంది వెళ్ళిపోయారు. భర్త కూడా ఒక వానాకాలపు పొద్దున, గొడుగు మరిచిపోయి మరీ, ఆఫీసుకని వెళ్ళి రాలేదు. గొడుగు ఇప్పటికీ తలుపు వెనకే ఉంది. అప్పటినుంచీ ఇంట్లోంచి ఎవరు గడప దాటుతున్నా అత్తగారు వెనక్కి పిలుస్తుంది. రుమాలు తీసుకున్నావా, మంచినీళ్ళ సీసా ఏదీ, ఆ కాలర్ సరిచేసుకో. పిలవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అందుకే, కోడలు కాపురానికి వచ్చి మొదటిసారి వంట చేసిన రోజున, నాలుక మండిపోతుంటే ఆవిడకి కళ్ళముందు నడవాలో లేచిన గోడ కనిపించింది. "బాగుందమ్మాయ్. ఇంకాస్త కారం ఉన్నా తింటాం," అంది. ఆ 'ఇంకాస్త' అనకుండా ఉండాల్సింది.

*

కోడలు పరిశోధకురాలు. పొద్దున్నే క్యారియరు సర్దుకుని బస్సెక్కి వెళ్ళి, పగలంతా క్లోమగ్రంథితో గడిపి వస్తుంది. అదేమిటో అత్తగారికి ఒకసారి మొక్కజొన్న పొత్తు చేతికిచ్చి చెప్పింది.

"కడుపు వెనకాల అడ్డంగా పడుకుని ఇలాగే ఉంటుందత్తయ్యా, గింజలు గింజలుగా. తిన్నది అరగడానికి రసాలు పంపుతుంది, రక్తంలో చక్కెరని అదుపులో పెడుతుంది. పాపం, దాని గోల ఎవరూ పట్టించుకోరు. జబ్బు చేస్తే మాత్రం బయటికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది."

"నోరు లేనిదన్నమాట."

"దానికి నోరు లేదు. కానీ ఒక్కోసారి దాన్లో బఠాణీ గింజంత గడ్డ లేస్తుంది. అది ఊరుకోదు. హార్మోన్లు తయారుచేసి అడ్డదిడ్డంగా రక్తంలోకి వదులుతుంది. ఒకడికి ఉన్నట్టుండి చక్కెర పడిపోతుంది, ఒకడికి కడుపులో పుండ్లు పడతాయి. కొన్ని గడ్డలు మటుకు ఏమీ ఎరగనట్టు ఏళ్ళ తరబడి కూర్చుంటాయి. వాటిని న్యూరో ఎండోక్రైన్ గడ్డలంటాం. అవన్నీ రక్తంలోకి క్రోమోగ్రానిన్ అని ఒక ప్రోటీను వదులుతుంటాయి. దాన్ని, ఇంకో రెండిటినీ కలిపి కొలిచి, గడ్డ బఠాణీ అంత ఉన్నప్పుడే పట్టుకోగలమా అన్నదే నా పని."

"పట్టుకుంటే?"

"కోసి తీసేస్తే చాలామంది హాయిగా బతుకుతారు."

అత్తగారు ఆ రోజంతా మొక్కజొన్న పొత్తు వైపు కొత్త మర్యాదతో చూసింది.

జబ్బున్నవాళ్ళ రక్తం కోడలి ఫ్రీజరు నిండా ఉంది. పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం కావలసివచ్చింది. పనిచేసేవాళ్ళూ వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ ఇవ్వవచ్చన్నారు. ఇచ్చేవాళ్ళని ముందు ఒక నర్సు విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి. నర్సు సెలవులో ఉంది. ఇంటివాళ్ళే కదా, నేనే అడిగేస్తాననుకుంది కోడలు. ఆ అడగడం కూడా భోజనాల బల్ల దగ్గర, చేతిలో గరిటెతో, కూర వడ్డిస్తూ అడిగింది.

"మందులేమైనా వాడుతున్నారా అత్తయ్యా?"

"బీపీది ఒకటి, నీకు తెలిసిందే."

"గ్యాస్‌కేమైనా?"

గరిటె అత్తగారి కంచం మీద ఆగి ఉంది. దాన్లోంచి ఎర్రటి చుక్క ఒకటి రాలింది.

"నాకు గ్యాసేమిటమ్మాయ్. రాళ్ళు తిన్నా అరిగిపోతాయి."

"మీరో?" అని భర్తని అడిగింది.

"నాకా? ఛ," అన్నాడు కొడుకు, మంచినీళ్ళ గ్లాసు దించకుండానే.

ఇద్దరూ రక్తం ఇచ్చారు. గొట్టాల మీద పేర్ల బదులు అంకెలు అంటించారు. కొలిచేవాళ్ళకి ఎవరిది ఏదో తెలియకూడదట. అంకెల వెనక మనుషులెవరో పెద్దసారు ఒక్కడికే తెలుస్తుంది. పెద్దసారు అంటే ఆ పరిశోధనాశాలకి పెద్ద. బక్కపల్చటి మనిషి, బట్టతల, నవ్వితే చెవులు కదులుతాయి. రోజూ మధ్యాహ్నం కోడలి క్యారియరులో సగం ఆయనదే. మొదటిరోజు మర్యాదకి "బాగుందమ్మా" అన్నాడు. మర్నాటినుంచి కోడలు ఆయన కోసం ఒక గిన్నె అదనంగా సర్దడం మొదలుపెట్టింది.

*

ఫలితాలొచ్చిన సాయంత్రం కోడలు చెప్పులు విప్పకుండా సోఫాలో కూర్చుంది. పిచ్చుక కింద కూర్చుని ఏనుగుకి రంగులేస్తోంది.

"ఏ జబ్బూ లేనివాళ్ళల్లో మూడు శాంపిళ్ళకి క్రోమోగ్రానిన్ బాగా ఎక్కువొచ్చింది," అంది కోడలు. "పెద్దసారు రెండిటి పేర్లు చెప్పారు. ఒకటి మీదత్తయ్యా. ఒకటి మీది," అని భర్త వైపు తిరిగింది.

"మూడోది?" అన్నాడు కొడుకు.

"అది తను చూసుకుంటానన్నారు. మూడోది ఎవరిదైతే నాకేంటి? తల్లికీ కొడుకుకీ ఇద్దరికీ ఎక్కువుంది. కొన్ని కుటుంబాల్లో ఈ గడ్డలు వంశపారంపర్యంగా వస్తాయి. తల్లి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి..."

ముగ్గురి చూపూ ఏనుగుకి ఊదారంగు వేస్తున్న పిల్ల మీద పడింది.

"మిషను తప్పు చూపించిందేమో," అంది అత్తగారు మెల్లిగా.

"మూడుసార్లు చూశాం. గ్యాస్ మాత్రలు వాడేవాళ్ళకి కూడా ఇలాగే పెరుగుతుంది. కడుపులో ఆసిడ్ తగ్గేసరికి అక్కడి కణాలు కంగారుపడి ఈ ప్రోటీను ఎక్కువ వదులుతాయి. మాత్రలు మానేసి రెండు వారాలైతే దిగిపోతుంది. పెద్దసారు మొదట అదే అడిగారు, మీవాళ్ళు వాడతారా అని. నేనే నవ్వాను. మావాళ్ళు రెండోసారి వడ్డించుకుని తింటారు సార్, వాళ్ళకి గ్యాసేమిటి అన్నాను. ఆయనింక మాట్లాడలేదు."

అత్తగారి గుండె ముందు తేలికైంది. తనది మాత్రల పుణ్యమే, గడ్డా లేదు గిడ్డా లేదు. మరుక్షణం ఆ గుండెలోనే రాయి పడింది. మరి వాడిది? తనకి మాత్రలున్నాయి, వాడికేమున్నాయి? అంటే వాడికి నిజంగానే...

ఆ ఆలోచనతో ఆవిడ కుట్టుమిషను ఉన్న గదిలోకి నడిచింది. ఆ మాత్రలు బయట పారేస్తే తప్ప మనసు కుదురుగా ఆలోచించేలా లేదు. అక్కడ కొడుకు నేల మీద గొంతుక్కూర్చుని కుడివైపు సొరుగులో చెయ్యిపెట్టి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కత్తెర కోసం."

"కత్తెరెందుకు?"

"గోళ్ళు పెరిగాయి."

"గోళ్ళకి బట్టలు కత్తిరించే కత్తెరా? చెయ్యి బయటికి తియ్యి."

తీశాడు. చేతిలో సగం అయిపోయిన గ్యాస్ మాత్రల అట్ట ఉంది. అత్తగారు దాన్ని చూసింది, ఎడమవైపు సొరుగు లాగి బొత్తాల డబ్బా మూత తీసింది, దాన్లోని అట్ట పైకెత్తి చూపించింది. రెండూ ఒకే రకం.

తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుక్కి జబ్బు లేదు. ఆ సంతోషం పట్టలేక అత్తగారు వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"ఎప్పటినించిరా?"

"పెళ్ళైన వారం నుంచి. నువ్వో?"

"మూడో రోజు నుంచి. మరి రెండోసారి వడ్డించుకుని తింటావే సిగ్గులేకుండా?"

"వడ్డించేలా చేసేది నువ్వు కాదూ? 'వాడికి ఇంకాస్త వెయ్యమ్మా, వాడికిష్టం' అని రోజూ అనేదెవరు?"

"నువ్వలా తల ఊపుతుంటే ఇష్టమే అనుకున్నాను."

"గొంతులోంచి మాట రాక ఊపేవాణ్ణి. నువ్వేమో భలే కుదిరిందంటావు. నువ్వు మెచ్చుకున్నాక నేను బాలేదంటే ఏమవుతుంది?"

కాసేపు ఇద్దరూ నోళ్ళు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వారు. ముందుగా కొడుకు ఆగాడు.

"చెప్పేద్దామమ్మా. పిల్లకి ఏదో ఉందని తను భయపడుతోంది."

"చెప్తే?"

"బాధపడుతుంది."

"బాధపడి?"

కొడుకు తన అట్టని మళ్ళీ సొరుగులో పెట్టాడు.

"మీ చిన్నమామయ్య..." మొదలుపెట్టింది అత్తగారు.

"గోడ సంగతి నాకు తెలుసమ్మా."

"తెలిసీ అంటావేమిట్రా? అది ఉప్పు. ఇది కారం. ఇన్నేళ్ళ కారం. రెండు వారాలు మాత్రలు మానేద్దాం. మళ్ళీ రక్తం తీసుకోమందాం. దిగిపోతుంది. పిల్ల గురించి భయం ఉండదు, కోడలికి బాధ ఉండదు. మూడో మనిషికి తెలియక్కర్లేదు."

కొడుక్కి అది మంచి ఉపాయంలాగే కనిపించింది. ఉపాయంలో ఒక్క లోపం ఉంది. రెండు వారాలూ ఆ కూర తినాలి.

*

కడుపు పగబట్టే జాతిది. ఇన్నేళ్ళు మాత్రలతో నోరునొక్కి ఉంచినందుకు, మాత్ర మానేసిన మూడో రోజునే రెట్టింపు మంటతో బాకీ తీర్చుకోవడం మొదలుపెట్టింది. అత్తగారికి పంటినొప్పి వచ్చింది. అది దవడ మార్చి దవడ తిరిగేది. కొడుక్కి ఆఫీసులో వరసగా విందులు మొదలయ్యాయి. ఇన్ని విందులిచ్చే ఆఫీసు మూతపడకుండా ఎలా నడుస్తోందో అని కోడలు ఆశ్చర్యపోయింది. వీధి మలుపులో రొట్టెల దుకాణం ముందు నిలబడి అతను ఉత్త రొట్టె తింటుండగా తల్లి చూసింది. ఆవిడా అక్కడికి అందుకే వచ్చింది కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఇంట్లో పిచ్చుక ధర పెంచేసింది.

"ఒక ముక్కకి రెండు కథలు," అంది.

"నిన్నటిదాకా ఒకటేగా?"

"నిన్నటిదాకా నాన్న అడగలేదు. ఇప్పుడు నాన్న కూడా అడుగుతున్నాడు."

ఇదంతా కోడలు చూస్తూనే ఉంది. బల్ల మీది బేరాలు కాదు, మనుషుల్ని చూస్తోంది. అత్తగారు చిక్కిపోతోంది. భర్త మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు, పొట్ట పట్టుకుంటున్నాడు. ఆకలి లేదంటున్నారు. తను నిత్యం చదివే లక్షణాలన్నీ తన బల్ల దగ్గరే వరసగా కూర్చుని ఉన్నాయి. ఇద్దరికీ స్కానింగుకి తేదీ తీసుకుంది. జబ్బుతో నాలుక చప్పబడిపోయిందేమో, కాస్త నోటికి తగిలేలా ఉంటే తింటారేమోనని, కూరలో ఇంకో చెంచా కారం వేసింది.

ఆ రాత్రి అత్తగారి పంటినొప్పి రెండు దవడలకీ ఒకేసారి వచ్చింది.

శనివారం పొద్దున కోడలు పిచ్చుక జడ వేస్తూ, "సోమవారం బడికి వెళ్ళొద్దులే, నాతో వద్దువుగాని. కాస్త రక్తం తీసి జన్యువు చూడాలి," అంది. పిల్ల నేరుగా నానమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నానమ్మా, రక్తం తీసే సూది ఎంత పొడుగుంటుంది?"

"ఎవరికే రక్తం?"

"నాకు. నా లోపల జన్యువు ఏదో చూడాలంట. నా వేలంత ఉంటుందా?"

అత్తగారు వంటింట్లోకి వెళ్ళేసరికి కుళాయి ధారగా కారుతోంది. తొట్టిలో గిన్నెలేమీ లేవు. కోడలు కుళాయి చప్పుడు చాటున ఏడుస్తోంది.

"ముందు పెద్దవాళ్ళకి చేద్దాం, పిల్ల సంగతి తర్వాత చూద్దామన్నారు పెద్దసారు," అంది కళ్ళు తుడుచుకోకుండా. "నా వల్ల కాదత్తయ్యా. తెలియకుండా ఉండలేను. రేపు ఆయన భోజనానికొస్తున్నారు. ఏదో మాట్లాడాలన్నారు. ఏం చెప్తారో."

"ఏమీ ఉండదమ్మా."

"మీకెలా తెలుసు? అమ్మకి జబ్బు చేసినప్పుడూ అందరూ ఏమీ ఉండదనే అన్నారు." పొయ్యి పక్కనున్న గాజుసీసా వైపు చూసింది. దాన్నిండా కారప్పొడి. "ఈ కారం అమ్మ కొట్టినట్టే కొడతాను. అమ్మ పోయాక మీరు మొదటిరోజు బాగుందన్నప్పుడు, ఆవిడ చేతి వంటని ఇంకెవరో మెచ్చుకున్నారు కదా అనిపించింది. రోజూ అది వినడానికే వండుతాను. ఇప్పుడు మీరూ తినడం మానేశారు."

అత్తగారు కుళాయి కట్టేసింది. ఇప్పుడు చెప్తే వంటని కాదు, వాళ్ళమ్మని కాదన్నట్టు. చెప్పకపోతే పిల్లకి సూది, తల్లికి కన్నీళ్ళు. ఆవిడ ఆ రోజంతా తలుపు వెనకనున్న గొడుగు దగ్గరికి ఊరికే వెళ్ళి వచ్చింది.

*

ఆదివారం పెద్దసారు ఇస్త్రీ చొక్కాతో, పళ్ళబుట్టతో వచ్చాడు. మూకుడు మూత లేవగానే జేబురుమాలు తీసి బట్టతల ఒత్తుకున్నాడు. ఇంకా కూర బల్ల మీదికి రానేలేదు.

అందరూ కూర్చున్నారు. పెద్దసారు గొంతు సవరించుకుని, "నేను ఒక విషయం..." అన్నాడు. అదే సమయానికి అత్తగారు కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"ఒక్క క్షణం బాబూ. మీకంటే నేను పెద్దదాన్ని. ముందు నన్ను చెప్పనివ్వండి."

గదిలోకి వెళ్ళి కుట్టుమిషను సొరుగు సొరుగంతా ఊడబెరికి తెచ్చింది. కూరగిన్నెకీ అన్నానికీ మధ్య పెట్టింది. దారపు కండెలు పక్కకి నెట్టి, బొత్తాల డబ్బా తెరిచి, మాత్రల అట్ట కోడలి కంచం పక్కన ఉంచింది.

"ఇవి గ్యాస్ మాత్రలమ్మాయ్. నువ్వు కాపురానికొచ్చిన మూడో రోజునుంచి వేసుకుంటున్నాను. నువ్వడిగినప్పుడు లేదన్నాను. కారం నేను తినలేను. తినలేనని చెప్తే నువ్వు వెళ్ళిపోతావని చెప్పలేదు. నాకే జబ్బూ లేదు. పిల్లకి సూది వెయ్యకు."

కోడలు అట్ట వైపు చూసి, తల తిప్పి భర్త వైపు చూసింది.

"మరి మీది..."

కొడుకు లేచి వెళ్ళి కుడివైపు సొరుగు తెచ్చాడు. బల్ల మీద చోటు లేక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పెద్దసారు చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా జేబులో చెయ్యిపెట్టి, తనూ ఒక అట్ట తీసి, మిగతా రెండిటి పక్కన, అంచులు కలిసేలా జాగ్రత్తగా పెట్టాడు.

"మూడో శాంపిల్ నాదేనమ్మా," అన్నాడు.

"సార్. గ్యాస్ మాత్రలు వాడేవాళ్ళని తీసుకోకూడదన్న నియమం రాసింది మీరు."

"నేనే. రక్తం ఇచ్చే ముందు రెండు వారాలు మానేద్దామనే అనుకున్నాను. నువ్వు క్యారియరు తేవడం మానలేదు. ప్రశ్నలడిగినప్పుడేమో గిన్నె మూత తీసి నా ముందు పెట్టి మరీ అడిగావు. లేదనేశాను. ఫలితాలొచ్చిన రోజే మూడో అంకె వెనక నా పేరు చూసుకున్నాను, చెప్పడానికి మొహం చెల్లలేదు. ఈ ఇంట్లో ఎవరితోనూ నాకు రక్తసంబంధం లేదు కదా, మరి ముగ్గురికీ ఒకటే ఎందుకొచ్చింది? కాబట్టి వంశపారంపర్యం కాదు, క్యారియరు అని చెప్పడానికే వచ్చాను."

కోడలు లేచింది. "ఎన్నాళ్ళు ఏడ్చానో తెలుసా మీకు?" అంది భర్తతో, అత్తగారితో, అందరితో కలిపి. గొంతు పెద్దది చెయ్యలేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. "కూర బాలేదంటే ఒక పూట అలిగేదాన్ని. పిల్లకి గడ్డలొస్తాయేమోనని రోజుల తరబడి నన్ను చంపుకుతిన్నారు." వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లోపల స్టూలు జరిపిన చప్పుడైంది. అల్మారా తలుపు తీసిన చప్పుడైంది. అత్తగారికి ఆ చప్పుడులో పెట్టె దించుతున్నట్టు వినిపించింది. తర్వాత బట్టలు, తర్వాత చెప్పులు, తర్వాత మెట్లు. వెనక్కి పిలవడానికి ఈసారి ఏ రుమాలూ గుర్తు రాలేదు.

కోడలు తిరిగొచ్చింది. చేతిలో పళ్ళెం ఉంది, పళ్ళెంలో పాలగ్లాసులున్నాయి. చల్లటివి. ముగ్గురి ముందూ తలొకటి పెట్టి కూలబడింది.

"మా అమ్మ భోజనం కాగానే వంటింట్లో నిలబడి ఇలా ఒక గ్లాసు చల్లటి పాలు తాగేది," అంది, గ్లాసుల వంక చూస్తూ. "ఎందుకమ్మా అంటే, ఊరికే, అలవాటు అనేది. అల్మారా పై అరలో గ్లాసుల కోసం చెయ్యి పెడితే ఇప్పుడు గుర్తొచ్చింది. ఈ కారం అమ్మది కాదు. మా నానమ్మది. అమ్మకి అత్తగారు నేర్పింది. బల్ల దగ్గర అమ్మ రోజూ, భలే ఉందత్తయ్యా, అనేది. నేను అది చూసి..."

ఆగిపోయింది. పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నారు, కానీ నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక తల బల్ల మీద ఆనించేసింది.

"అయితే వంశపారంపర్యమేనన్నమాట. రక్తంలోంచి కాకపోతే..." అన్నాడు పెద్దసారు ఆలోచనగా.

"సార్, మీరు పాలు తాగండి."

ఆయన తాగాడు.

"అయితే నాకు సూది లేదా?" అంది పిచ్చుక.

"లేదు తల్లీ."

"నానమ్మ బొత్తాల డబ్బాలో మాత్రలున్నాయని నాకెప్పుడో తెలుసు. నాన్నవి అటువైపు సొరుగులో ఉన్నాయి."

"మరి చెప్పలేదే?"

"నన్నెవరూ అడగలేదుగా," అంది పిచ్చుక, తన గిన్నెలోని ముక్కలు ఎవరూ చూడకుండా చేత్తో మూస్తూ.

*

మర్నాటినుంచి పొయ్యి మీద రెండు గిన్నెలెక్కాయి. ఒకటి ఎర్రది, కోడలికి. ఇంకోటి అందరికీ. జీవితమంతా భయపడ్డ వేరుకాపురం చివరికి రెండు గిన్నెలుగా వచ్చి పక్కపక్కనే ఉడుకుతుంటే అత్తగారు చాలాసేపు నిలబడి చూసింది. గోడ అవసరం రాలేదు. ఒకటే గరిటె.

రెండు వారాల తర్వాత మళ్ళీ రక్తం ఇచ్చారు. ఈసారి ప్రశ్నలు నర్సు అడిగింది, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, తలుపు వేసి. పెద్దసారుని అందరికంటే ఎక్కువసేపు అడిగిందట. ముగ్గురిదీ దిగిపోయింది. ఆ ఏడాది కోడలు తన పరిశోధన గురించి రాసినప్పుడు, ఆరోగ్యవంతులని ఎంచుకునే పద్ధతిలో కొత్త నియమం ఒకటి చేర్చింది: ప్రశ్నలు అడిగేవాళ్ళు జవాబు చెప్పేవాళ్ళకి వండిపెట్టేవాళ్ళు కాకూడదు. దూరదేశంలో దాన్ని చదివిన పెద్దలకి ఆ నియమం ఎందుకో అర్థం కాలేదట. వివరం అడిగితే పెద్దసారు అది చాలా ముఖ్యమని మాత్రం జవాబిచ్చాడు.

ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున కోడలు బస్సుకి బయల్దేరింది. గడప దాటగానే అత్తగారు అలవాటుగా పిలిచింది.

"అమ్మాయ్, రుమాలు తీసుకున్నావా?"

"తీసుకున్నాను." కోడలు మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, ఒకటి అడుగుతాను. నా చేతిలో గరిటె లేదు, చూడండి. రాత్రి మీ గిన్నెలో కూర ఎలా ఉంది?"

"భలే..." అని అత్తగారు ఆగింది.

నడవాలో లేచిన గోడ గుర్తొచ్చింది. చిన్నన్నయ్య భుజాలు గుర్తొచ్చాయి. తలుపు అంచు గట్టిగా పట్టుకుంది.

"ఉప్పు చాల్లేదమ్మాయ్," అంది.

కోడలు ఆవిడ మొహం వంక ఒక్క క్షణం చూసింది. ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పగలు చాలా పొడుగైంది. అత్తగారు పూలకుండీకి రెండుసార్లు నీళ్ళు పోసింది. సాయంత్రం బస్సు వేళ దాటింది. మలుపు దగ్గర ఎవరెవరో తిరిగి ఇళ్ళకి పోతున్నారు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, ఆ మాట ఎందుకన్నానా అని, అనకపోతే ఏం పోయేదని, తనని తాను తిట్టుకుంటూ ఉంది. వీధిదీపాలు వెలగబోతుండగా కోడలు మలుపు తిరిగింది. ఒక చేతిలో ఖాళీ క్యారియరు, ఇంకో చేతిలో ఉప్పు పొట్లం.